బరువు తగ్గించే కీహోల్ శస్త్రచికిత్స: నిర్ణయానికి ముందు, ఆపరేషన్ తరువాత

బరువు తగ్గించే శస్త్రచికిత్సల ప్రకటనల్లో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించేది ‘చిన్న కోత’ అనే మాట. ఆ మాటలో అబద్ధం లేదు. పొట్ట మీద నాలుగైదు చోట్ల, అర సెంటీమీటరు మొదలుకొని ఒకటిన్నర సెంటీమీటరు వరకు ఉండే గాట్లతోనే పని పూర్తవుతుంది; చాలామంది రెండు మూడు రోజుల్లో ఇంటికి చేరుకుంటారు. అయితే ఆ గాట్ల వెనుక జరిగేది జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా కోసి తీసివేయడమో, పేగు దారి మళ్ళించి కొత్తచోట అతకడమో అయినప్పుడు, దాన్ని చిన్న ఆపరేషన్ అనుకోవడం పొరపాటు. ల్యాప్రోస్కోపీ (కీహోల్ పద్ధతి) వల్ల తగ్గేది గాయం, నొప్పి, మంచం మీద గడిపే రోజులు. మిగిలినదంతా, అంటే ఆహారంలో మార్పు, జీవితాంతం వేసుకోవలసిన విటమిన్లు, ఏటేటా చేయించుకోవలసిన రక్తపరీక్షలు, కోత ఎంత ఉన్నా ఒకేలా ఉంటాయి. అందుచేత ఆపరేషన్ బల్ల మీది గంటన్నరను కాక, దాని తరువాతి ఏళ్ళను దృష్టిలో పెట్టుకొని నిర్ణయం తీసుకోవాలి.

మీకు ఇది అవసరమా

ముందుగా మీ బీఎంఐ తెలుసుకోండి. కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె అది. ఉదాహరణకు 158 సెంటీమీటర్ల ఎత్తు, 92 కిలోల బరువు ఉన్న స్త్రీని తీసుకుందాం. 1.58ని 1.58తో గుణిస్తే దాదాపు 2.5 వస్తుంది, 92ను దానితో భాగిస్తే ఆమె బీఎంఐ 37కి కాస్త తక్కువగా తేలుతుంది.

అమెరికాలో 1991లో ఖరారైన ప్రమాణం ప్రకారం, బీఎంఐ 40 దాటినవారికి, లేదా 35 దాటి మధుమేహం, అధిక రక్తపోటు, నిద్రలో శ్వాస ఆగిపోవడం వంటి తీవ్రమైన జబ్బులు ఉన్నవారికి మాత్రమే ఈ శస్త్రచికిత్సను సూచించేవారు. ఈ రంగంలోని సర్జన్ల అమెరికన్ సంఘం, అంతర్జాతీయ సమాఖ్య కలిసి 2022లో ఆ ప్రమాణాన్ని సవరించాయి. దాని ప్రకారం 35 దాటితే ఇతర జబ్బులు లేకపోయినా శస్త్రచికిత్సను సూచించవచ్చు. 30 నుంచి 35 మధ్య ఉండి మధుమేహం వంటి జబ్బు ఉన్నవారి విషయంలో దాన్ని పరిశీలించవచ్చు. ఆసియావారికి ఈ హద్దు 27.5. మనవాళ్ళకు కొవ్వు ఎక్కువగా నడుము చుట్టూ చేరుతుంది, తక్కువ బరువులోనే మధుమేహం పట్టుకుంటుంది. అందుకే హద్దును కిందికి దించారు.

అయితే వైద్య ప్రమాణం వేరు, బీమా ప్రమాణం వేరు. మన దేశంలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూపొందించిన ప్రామాణిక నిబంధన ఇప్పటికీ పాత హద్దులనే అడుగుతుంది. రోగికి 18 ఏళ్ళు నిండాలి, డాక్టరు సలహా ఉండాలి, బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలి. 35 లేదా అంతకు మించి ఉన్నవారైతే గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగిపోవడం), అదుపులోకి రాని టైప్ 2 మధుమేహం వంటివాటిలో ఒకటి ఉండి, ఇతర పద్ధతుల్లో బరువు తగ్గించే ప్రయత్నాలు ఫలించలేదని చూపాలి. పైన చెప్పిన స్త్రీకి మధుమేహం మందులతో అదుపులోనే ఉంటే, డాక్టరు సరేనన్నా బీమా సంస్థ కాదనవచ్చు. కాబట్టి ఆసుపత్రిలో చేరకముందే, ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తెచ్చుకోండి. గతంలో డైటీషియన్ దగ్గరికి వెళ్ళిన చీటీలు, బరువు నమోదు చేసిన కాగితాలు పారేయకుండా దాచుకున్నవారికి ఇక్కడ పని సులువవుతుంది.

మందుల సంగతి కూడా చెప్పుకోవాలి. టిర్జెపటైడ్, బరువు తగ్గించే మోతాదులో సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. బీఎంఐ 30 చుట్టుపక్కల ఉన్నవారు శస్త్రచికిత్సకు ముందు వీటి గురించి తమ డాక్టరుతో మాట్లాడటం తెలివైన పని. వాటిని ఆపేస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుంది. బీఎంఐ 40, 45 ఉన్నవారిలో ఎక్కువమందికి శస్త్రచికిత్స ఇచ్చేంత తగ్గుదలను అవి ఇవ్వవు. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ అన్నట్టు మాట్లాడే వైద్యుడు ఎదురైతే, మరొకరి అభిప్రాయం కూడా తీసుకోండి.

చికిత్స తీసుకోని తీవ్ర మానసిక సమస్య ఉన్నవారు, మద్యం లేదా మాదకద్రవ్యాల వ్యసనం నుంచి బయటపడనివారు, గర్భిణులు ఈ ఆపరేషన్ చేయించుకోకూడదు. థైరాయిడ్ లోపం, కార్టిసాల్ ఎక్కువగా ఊరడం వంటి హార్మోన్ కారణాలు ఉంటే ముందు వాటికి వైద్యం జరగాలి.

ఏ పద్ధతి ఎవరికి

ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా చేస్తున్నది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. నోటి గుండా 12, 13 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టాన్ని జీర్ణాశయంలోకి పంపి, దాన్ని కొలతగా పెట్టుకొని, స్టేప్లర్‌తో జీర్ణాశయాన్ని నిలువునా కత్తిరించుకుంటూ పైకి వెళతారు. కత్తిరించడం, రెండు అంచులనూ సన్నని లోహపు పిన్నులతో మూయడం ఒకేసారి జరిగిపోతాయి. మిగిలేది అరటికాయంత సన్నని గొట్టం. 75 నుంచి 80 శాతం జీర్ణాశయం ఒక గాటు గుండా బయటికి వచ్చేస్తుంది. తీసేసిన భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది కనుక, తినే పరిమాణంతో పాటు ఆకలి కూడా తగ్గుతుంది. పేగును తాకరు కాబట్టి ఇది పేగు దారి మళ్ళించే బైపాస్ కన్నా తేలికైన ఆపరేషన్. ఏడాది, ఏడాదిన్నరలో మొత్తం శరీర బరువులో పాతిక శాతం, కొందరిలో 30 శాతం వరకు తగ్గుతుంది.

స్లీవ్‌కు రెండు లోపాలున్నాయి. తీసేసిన జీర్ణాశయాన్ని తిరిగి పెట్టలేరు. రెండోది, మిగిలిన గొట్టంలో ఒత్తిడి ఎక్కువగా ఉండటం వల్ల ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. గుండెల్లో మంట లేనివారికి కొత్తగా రావచ్చు, ఉన్నవారికి ముదరవచ్చు. రాత్రి పడుకోగానే పుల్లటి నీళ్ళు గొంతులోకి వచ్చేవారు, ఎండోస్కోపీలో అన్నవాహిక పుండ్లు, పెద్ద హయాటల్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారడం), బారెట్స్ మార్పు (ఆమ్లం వల్ల అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) కనిపించినవారు స్లీవ్ కాక బైపాస్ గురించి అడగాలి. నా దృష్టిలో స్లీవ్‌కు ముందు ఎండోస్కోపీ అక్కర్లేదనే చోట ఆపరేషన్ చేయించుకోకపోవడమే మేలు.

రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్‌కు చరిత్ర ఎక్కువ. అమెరికాలోని అయోవాలో సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ 1960లలో పొట్ట తెరిచి మొదలుపెట్టిన బైపాస్ నుంచే ఇది రూపు దిద్దుకొంది. శాన్ డియాగోలో సర్జన్లు విట్‌గ్రోవ్, క్లార్క్ 1994లో దాన్ని తొలిసారిగా ల్యాప్రోస్కోపీతో చేసినట్టు ప్రకటించారు. ఇందులో జీర్ణాశయం పైభాగంలో 15 నుంచి 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరు చేసి, చిన్నపేగును కోసి దాని కింది కొసను ఆ సంచికి అతుకుతారు. మిగిలిన జీర్ణాశయం లోపలే ఉంటుంది, కానీ ఆహారం అందులోకి వెళ్ళదు. పిత్తరసం, క్లోమరసం మరో దారిలో వచ్చి కింద కలుస్తాయి. ఆహారం పేగు కింది భాగానికి త్వరగా చేరడంతో, ఇన్సులిన్‌ను పెంచే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు ఎక్కువగా విడుదలవుతాయి. చాలామందిలో బరువు ఇంకా దిగకముందే, ఆపరేషన్ జరిగిన వారంలోనే చక్కెర తగ్గడం మొదలవడానికి తక్కువగా తినడంతో పాటు ఇదీ ఒక కారణం.

మధుమేహం ‘నయమవుతుంది’ అనే ప్రచారాన్ని మాత్రం కొంచెం తగ్గించి వినాలి. అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ 150 మందితో చేసిన పరిశోధన ఐదేళ్ళ ఫలితాలు 2017లో వచ్చాయి. హెచ్‌బీఏ1సీ (రక్తంలో మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) 6 లేదా అంతకు తక్కువలో నిలిచినవారు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం. తేడా చాలా పెద్దదే. అయినా ఆపరేషన్ చేయించుకున్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఆ గీతకు పైనే ఉన్నారు. జబ్బు వచ్చి ఎన్నాళ్ళయింది, ఇన్సులిన్ వాడుతున్నారా, క్లోమంలో సొంత ఇన్సులిన్ ఇంకా ఎంత ఊరుతోంది అనేవి ఫలితాన్ని నిర్ణయిస్తాయి. పదిహేనేళ్ళుగా ఇన్సులిన్ మీద ఉన్న వ్యక్తికీ, మూడేళ్ళ క్రితం మాత్రలు మొదలుపెట్టిన వ్యక్తికీ ఒకే హామీ ఇవ్వడం న్యాయం కాదు.

మినీ గ్యాస్ట్రిక్ బైపాస్ అని మన దగ్గర పిలిచేది, ఒకే అతుకుతో చేసే బైపాస్. అమెరికన్ సర్జన్ రాబర్ట్ రట్లెడ్జ్ 1997లో మొదలుపెట్టిన ఈ పద్ధతికి మన దేశంలో ఆదరణ బాగా ఉంది. సమయం తక్కువ పడుతుంది, బరువు గట్టిగానే తగ్గుతుంది. పిత్తరసం జీర్ణాశయపు సంచిలోకి ఎగదన్నడం దీని ప్రధాన లోపం; పేగును మరీ ఎక్కువ పొడవు తప్పిస్తే పోషకాల లోటు తీవ్రమవుతుంది. పాలూ గుడ్లూ కూడా అంతంతమాత్రంగా తీసుకునే శాకాహారులు, ఎంత పొడవు పేగును తప్పించబోతున్నారని సర్జన్‌ను సూటిగా అడగాలి. 150 సెంటీమీటర్లకూ 250 సెంటీమీటర్లకూ మధ్య తేడా రక్తంలోని ప్రొటీన్ దగ్గర తెలిసిపోతుంది.

జీర్ణాశయం పైభాగం చుట్టూ బిగించే పట్టీని, అంటే ఒకప్పుడు విరివిగా వేసిన గ్యాస్ట్రిక్ బ్యాండ్‌ను, చాలా కేంద్రాలు వదిలేశాయి. జారిపోవడం, జీర్ణాశయాన్ని ఒరుసుకొని లోపలికి దిగడం వంటి ఇబ్బందులతో చాలామందిలో దాన్ని తీసేయవలసి వచ్చింది.

కోతే లేని పద్ధతులు ఎండోస్కోపీతో చేసేవి. నోటి గుండా పంపిన కుట్టు పరికరంతో జీర్ణాశయాన్ని లోపలి నుంచి ముడతలు పెట్టి కుట్టడం వాటిలో ఒకటి. మొత్తం బరువులో 15 శాతం పైచిలుకు తగ్గుతుంది. మరొకటి బెలూన్: జీర్ణాశయంలో సెలైన్‌తో నింపి, సాధారణంగా ఆరు నెలలకు తీసేస్తారు. ఆ సెలైన్‌లో నీలిరంగు కలుపుతారు. బెలూన్ చిరిగితే మూత్రం నీలంగా, ఆకుపచ్చగా వస్తుంది. అలా కనిపించిన రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, ఎందుకంటే సెలైన్ కారిపోయిన బెలూన్ పేగులోకి జారి అడ్డుపడవచ్చు. బెలూన్ తీసేశాక బరువు తిరిగి రావడం మామూలే. చాలా ఎక్కువ బరువున్న వ్యక్తిని పెద్ద ఆపరేషన్‌కు సిద్ధం చేయడానికి అది పనికివస్తుంది. పెళ్ళి ముహూర్తం దగ్గరపడిందని పెట్టించుకోవడానికి కాదు.

డాక్టరు దగ్గర అడగవలసినవి

‘70 శాతం బరువు తగ్గుతుంది’ అని చెబితే, దేనిలో 70 శాతమో అడగండి. ఆసుపత్రులు తరచు చెప్పేది అదనపు బరువులో శాతం. మన 92 కిలోల స్త్రీకి బీఎంఐ 25 దగ్గర బరువు సుమారు 62 కిలోలు, అదనం 30 కిలోలు. అందులో 70 శాతమంటే 21 కిలోలు. ఆమె 71 కిలోల దగ్గర ఆగుతుంది కానీ, మొత్తం బరువులో 70 శాతం తగ్గి 28 కిలోలకు దిగదు కదా. ఈ లెక్క ముందే తెలియకపోతే మంచి ఫలితం వచ్చినా మోసపోయామనే భావన మిగులుతుంది.

సర్జన్ ఏటా ఇలాంటివి ఎన్ని చేస్తారు, స్టేపుల్ గీత లీకైన సందర్భాలు ఎన్ని, అలా అయినప్పుడు అర్ధరాత్రి సీటీ స్కాన్, ఐసీయూ, రెండో ఆపరేషన్ అదే భవనంలో అందుతాయా, డైటీషియన్ ఆపరేషన్ తరువాత కూడా చూస్తారా అన్నవి మొహమాటం లేకుండా అడగవలసిన ప్రశ్నలు. అనుభవం ఉన్న కేంద్రాల్లో మరణ ప్రమాదం వెయ్యికి ఒకటి దరిదాపుల్లో ఉంటుంది, స్లీవ్‌లో లీక్ నూటికి ఒకటి చుట్టూ ఉంటుంది. ‘మా దగ్గర ఎప్పుడూ ఏమీ కాలేదు’ అనే జవాబు కన్నా, ఏమయిందో, ఏం చేశారో చెప్పిన జవాబును నమ్మవచ్చు. ప్యాకేజీ ధరలో స్టేప్లర్ కార్ట్రిడ్జ్‌లు అన్నీ ఉన్నాయో లేదో కూడా కనుక్కోండి. ఒక్కో స్లీవ్‌కు ఐదారు వాడతారు, వాటి ఖరీదు తక్కువేమీ కాదు. రోబో వాడితే ధర పెరుగుతుంది. మామూలు స్లీవ్‌లో దానివల్ల రోగికి కలిగే అదనపు లాభం స్వల్పమే.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు

పరీక్షల జాబితా పొడవుగానే ఉంటుంది: పొట్ట అల్ట్రాసౌండ్, ఎండోస్కోపీ, హెచ్. పైలోరీ (జీర్ణాశయంలో పుండ్లు చేసే బ్యాక్టీరియా) పరీక్ష, గుండెకు ఎకో, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ, బీ12, విటమిన్ డీ, ఐరన్. గట్టిగా గురక పెట్టేవారికి నిద్ర పరీక్ష కూడా చేస్తారు. స్లీప్ ఆప్నియా బయటపడితే, రాత్రిపూట ముక్కులోకి ఒత్తిడితో గాలి పంపే సీపాప్ యంత్రాన్ని కొన్నాళ్ళు వాడాకే మత్తు ఇవ్వడం క్షేమం.

చివరి రెండు వారాలు రోజుకు 800 నుంచి 1000 కేలరీల ఆహారం మాత్రమే ఇస్తారు. బరువు ముందే కొంత తగ్గించడానికే అనుకొని చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. అసలు ఉద్దేశం కాలేయం. ఊబకాయంలో కాలేయం కొవ్వు పట్టి, బరువెక్కి, సరిగ్గా జీర్ణాశయం పైభాగాన్ని కప్పేస్తుంది. సర్జన్ దాన్ని ఎత్తి పట్టుకొని కింద పని చేయాలి. పిండి పదార్థాలు తగ్గించిన రెండు వారాల్లోనే అది కుంచించుకుపోయి మెత్తబడుతుంది. ఆసుపత్రిలో చేరే ముందురోజు ‘ఇక మళ్ళీ తినలేం కదా’ అని బిర్యానీ విందు చేసుకోవడం మన ఇళ్ళలో జరిగే పనే. ఆ విందు వద్దు.

పొగ తాగేవారు కనీసం ఆరు వారాల ముందు పూర్తిగా మానేయాలి. బైపాస్ అతుకు దగ్గర పుండు పడటానికి పొగాకు ముఖ్య కారణాల్లో ఒకటి. వాడుతున్న ప్రతి మందు పేరూ అనస్థీషియా డాక్టరుకు చెప్పండి. మధుమేహానికి వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలను మూడు నాలుగు రోజుల ముందే ఆపించాలి, లేకపోతే చక్కెర మామూలుగా ఉన్నా రక్తంలో కీటోన్లు ప్రమాదకరంగా పెరగవచ్చు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు జీర్ణాశయాన్ని త్వరగా ఖాళీ కానివ్వవు. వాటి సంగతి తెలియకుండా మత్తు ఇస్తే లోపలి ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదముంది.

ఆపరేషన్ రోజు

పూర్తి మత్తు ఇచ్చాక పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపి గోడను పైకి లేపుతారు. ఆ ఖాళీలో కెమెరా, పొడవాటి పరికరాలు కదులుతాయి. స్లీవ్‌కు గంట నుంచి గంటన్నర, బైపాస్‌కు అంతకన్నా ఎక్కువ పడుతుంది. లోపల మిగిలిన వాయువు వల్ల మెలకువ వచ్చాక భుజం నొప్పి పుడుతుంది. గాయం పొట్టలో ఉంటే భుజం ఎందుకు నొప్పి పెడుతోందని భయపడవద్దు, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఆ సాయంత్రమే లేపి నడిపిస్తారు. నొప్పిగా ఉన్నా నడవండి. ఈ ఆపరేషన్ తరువాత ప్రాణం తీసే వాటిలో కాలి సిరలో గడ్డకట్టి ఊపిరితిత్తికి చేరే రక్తం ముందు వరుసలో ఉంటుంది.

ఇంటికి పంపేటప్పుడు నాడి చూసుకోవడం నేర్చుకొని వెళ్ళండి. లీక్ చాలాసార్లు ఇంటికి వెళ్ళాకే బయటపడుతుంది, జ్వరం కన్నా ముందు నాడిలో తెలుస్తుంది. కదలకుండా కూర్చున్నా నిమిషానికి 120కి పైగా కొట్టుకోవడం, పొట్టనొప్పి తగ్గేది పోయి పెరగడం, ఎడమ భుజంలో కొత్తగా నొప్పి, ఆయాసం, జ్వరం, ఒక పిక్క వాయడం — వీటిలో ఏది కనిపించినా దగ్గర్లోని డాక్టరు దగ్గర గ్యాస్ మాత్ర తెచ్చుకోవడం కాదు, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్ళాలి.

విదేశాల నుంచి సెలవు మీద వచ్చి ఇక్కడ చేయించుకునే మనవాళ్ళు, సెలవును పది రోజులకు కుదించుకొని దూరప్రయాణపు విమానం ఎక్కకూడదు. లీక్ భయం తీరని రోజులవి. కదలకుండా పన్నెండు పద్నాలుగు గంటలు కూర్చోవడం రక్తం గడ్డకట్టడానికి కూడా అనువైన పరిస్థితి. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగగలిగేలా ఏర్పాట్లు చేసుకోండి.

తినడం మళ్ళీ నేర్చుకోవడం

మొదటి ఒకటి రెండు రోజులు నీళ్ళు, మజ్జిగ తేట, కారం లేని చారు నీళ్ళు, కొబ్బరినీళ్ళ వంటి తేట ద్రవాలు మాత్రమే. పక్కన 30 మిల్లీలీటర్ల మందుకప్పు పెట్టుకోండి. ఆ ఒక్క కప్పును పదిహేను నిమిషాలపాటు, నాలుక తడిపినంత గుక్కలతో తాగాలి. రోజు ముగిసేసరికి అలాంటి కప్పులతోనే లీటరు దాటాలి. గ్లాసు ఎత్తి గటగటా తాగే అలవాటున్నవారికి ఇదే అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది. రెండో వారం దాకా వడగట్టిన పప్పుకట్టు, పలుచని మజ్జిగ, వెన్న తీసిన పాలు, పాలలో కలిపిన ప్రొటీన్ పొడి. మూడు, నాలుగు వారాల్లో పప్పులో చిదిమిన ఇడ్లీ, పెరుగు, మెత్తగా చేసిన గుడ్డు. ఐదో వారం నుంచి మెత్తని కూరలు, పనీర్, ముళ్ళు తీసిన చేప. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఇంట్లో అందరి వంటే, కొద్ది పరిమాణంలో. మీ ఆసుపత్రి ఇచ్చిన పట్టికలో ఒకటి రెండు రోజుల తేడా ఉంటే ఆ పట్టికనే పాటించండి.

తెలుగు భోజనంలో మార్చుకోవలసింది వరస. పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం అని మనకు ప్రతి వంతులోనూ అన్నమే ఆధారం. స్లీవ్ తరువాత పట్టేదే ఒక చిన్న గిన్నెడు. అందులో అన్నం ముందు చేరితే ప్రొటీన్‌కు చోటుండదు. కాబట్టి ముందు గుడ్డో పప్పో చేపో పనీరో, తరువాత కూర, చోటు మిగిలితే రెండు ముద్దల అన్నం. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. రెండు గుడ్లలో 12, గ్లాసు పాలలో 6 లేదా 7, కప్పు వండిన పప్పులో అంతే, 50 గ్రాముల పనీర్‌లో 9 గ్రాములు దొరుకుతాయి. అన్నీ కలిపితే 35 దాటదు. అందుకే మొదటి నెలల్లో ప్రొటీన్ పొడి తప్పనిసరి అవుతుంది.

తినేటప్పుడు నీళ్ళు తాగవద్దు. భోజనానికి అరగంట ముందు ఆపి, అరగంట తరువాత మొదలుపెట్టండి. ఒక్కో ముద్దను నమిలి నమిలి, ఇరవై నిమిషాలైనా కూర్చొని తినండి. ఛాతీ మధ్యలో బిగబట్టినట్టు అనిపించిన క్షణాన చేయి కడుక్కోవాలి. పెళ్ళి విందులో పక్కవారు ‘ఇంతేనా, ఇంకొంచెం వేయించుకోండి’ అని వడ్డించే అదనపు ముద్ద వాంతితోనే ముగుస్తుంది. బైపాస్ అయినవారికి జాంగ్రీ, పానకం వంటి గాఢమైన తీపి గుండెదడ, చెమటలు, విరేచనం తెస్తుంది. దీన్ని డంపింగ్ అంటారు.

వాంతుల గురించి ప్రత్యేకంగా ఒక మాట. కొన్ని రోజులపాటు ఏమీ నిలవక వాంతులవుతుంటే మన ఊళ్ళలో మొదట చేసేది గ్లూకోజ్ ఎక్కించడం. ఈ ఆపరేషన్ అయినవారిలో బీ1 విటమిన్, అంటే థయామిన్, అప్పటికే అడుగంటి ఉండవచ్చు. ఆ స్థితిలో థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతిని చూపు చెదరడం, నడక తూలడం, మతిమరుపు వస్తాయి. అవి శాశ్వతంగానూ మిగలవచ్చు. గ్లూకోజ్ సీసా తగిలించకముందే ‘నాకు బేరియాట్రిక్ (బరువు తగ్గించే) ఆపరేషన్ అయింది, ముందు థయామిన్ ఇంజెక్షన్ ఇవ్వండి’ అని మీరైనా, మీ ఇంట్లోవారైనా చెప్పగలగాలి.

తరువాతి నెలలు, ఏళ్ళు

మల్టీవిటమిన్, బీ12, ఐరన్, విటమిన్ డీ, కాల్షియం జీవితాంతం వేసుకోవాలి. కాల్షియం సిట్రేట్ రూపంలో ఉంటే మేలు, రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, రెండు మూడు విడతలుగా. ఐరన్ మాత్రకూ దానికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి, కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్ళు పుడతాయి కనుక చాలామంది సర్జన్లు ఆరు నెలలపాటు ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం రాస్తారు. మూడో నెల నుంచి ఆరో నెల వరకు జుట్టు రాలుతుంది. ప్రొటీన్, ఐరన్ సరిగ్గా అందితే తిరిగి వస్తుంది, నూనెలు మార్చి ప్రయోజనం లేదు.

చక్కెర, బీపీ మందుల మోతాదులు వారాల్లోనే తగ్గించవలసి వస్తుంది. పాత మోతాదులో ఇన్సులిన్ కొనసాగిస్తే చక్కెర పడిపోతుంది, పాత బీపీ మాత్రలతో లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. ఇంట్లో గ్లూకోమీటరు పెట్టుకొని, అంకెలు రాసుకొని డాక్టరుకు చూపండి. మందులను సొంతంగా ఆపవద్దు.

పీసీఓఎస్ అనే హార్మోన్ సమస్యతో పిల్లలు కలగని స్త్రీలకు బరువు తగ్గిన కొద్ది నెలల్లోనే అండం విడుదల మొదలుకావచ్చు. తొలి 12 నుంచి 18 నెలలు గర్భం దాల్చకుండా జాగ్రత్తపడాలి. తల్లి బరువు వేగంగా దిగుతున్న సమయంలో బిడ్డకు పోషణ చాలదు. బైపాస్ తరువాత గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటపట్టకపోవచ్చు కాబట్టి, వేరే పద్ధతి ఏది తగునో స్త్రీవైద్య నిపుణురాలిని అడగండి. అత్తగారింట్లో పిల్లల గురించి ఒత్తిడి ఉంటే ఈ గడువు సంగతి ఆపరేషన్‌కు ముందే భార్యాభర్తలు కలిసి వారికి చెప్పడం మంచిది.

బైపాస్ అయినవారిలో మద్యం ఒక్క గ్లాసు కూడా వేగంగా, ఎక్కువగా తలకెక్కుతుంది. తిండి మీద తీరని కోరిక మద్యం వైపు మళ్ళినవారూ ఉన్నారు. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు అతుకు దగ్గర పుండు చేస్తాయి; పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవాలి. గుండెకు ఆస్పిరిన్ వేసుకునేవారు దాన్ని ఆపకుండా, కొనసాగింపు గురించి సర్జన్‌తోనూ గుండె వైద్యుడితోనూ మాట్లాడాలి. బైపాస్ అయిన ఏళ్ళ తరువాత కూడా పొట్టలో ఉన్నట్టుండి మెలిపెట్టే నొప్పి వస్తే పేగు లోపలి సందులో ఇరుక్కొని ఉండవచ్చు. స్కాన్‌లో కనిపించకపోయినా ఈ అనుమానాన్ని సర్జన్ తేల్చాలి, కొన్నిసార్లు మళ్ళీ కెమెరా పెట్టి చూస్తే కానీ తెలియదు.

రెండో ఏడాది తరువాత కొంత బరువు తిరిగి పెరగడం చాలామందిలో జరుగుతుంది. నాలుగైదు కిలోలైతే కంగారు అక్కర్లేదు. అంతకు మించితే, రోజూ ఏం నోట్లో వేసుకుంటున్నారో వారం రోజులు రాసి చూడండి. చాలాసార్లు భోజనంలో తప్పుండదు, మధ్యమధ్య మిక్చరు, బిస్కెట్లు, తియ్యటి టీ, పండ్లరసంలో ఉంటుంది. మెత్తగా కరిగి జారిపోయేవాటికి చిన్న జీర్ణాశయం అడ్డు చెప్పలేదు. అక్కడ కారణం దొరకకపోతే ఎండోస్కోపీ చేయించి, మందులా, రెండో ఆపరేషనా అన్నది ఆలోచిస్తారు. రెండో ఆపరేషన్‌లో ప్రమాదం మొదటిదానికన్నా ఎక్కువ.

ఆసుపత్రి నుంచి తెచ్చుకోవలసిన కాగితాల్లో డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. ఏ ఆపరేషన్ చేశారు, ఎంత పేగు తప్పించారు, ఎన్ని అతుకులున్నాయి అనేవి రాసి ఉండే ఆపరేషన్ నోట్స్ ప్రతిని అడిగి తీసుకోండి. దాన్ని ఫోటో తీసి మీ ఫోనులోనూ, ఇంట్లో మరొకరి ఫోనులోనూ ఉంచండి. ఎప్పుడైనా అత్యవసరంగా వేరే ఊళ్ళో చేరవలసివస్తే, ముక్కు నుంచి గొట్టం వేయాలా వద్దా అన్నది కూడా అక్కడి డాక్టరు ఆ కాగితం చూసే నిర్ణయించాలి.